డాష్‌బోర్డు మీద గ్లాసు

ఆ ఉదయం కూడా పికప్ బండి కాళ్ల పట్టా దండెం మీద ఆరుతోంది. వాన పడి చాలా రోజులైంది. తల్లి వంటింటి గుమ్మంలో కూర్చుని, భర్త చెప్పులకు మడమ వెనక ఎలాస్టిక్ పట్టీ కుడుతోంది. ఎడమది పూర్తయింది. కుడిది ఇంకా సూది కిందే ఉంది.

"చంటిపిల్లాడి చెప్పులకు కుట్టినట్టు ఏంటమ్మా ఇది?" బండి కిందనుంచి లేచొస్తూ అడిగింది కూతురు.

"ఊడిపోతున్నాయంట. నీకెందుకే, వెళ్లి చేతులు కడుక్కో," అంది తల్లి తలెత్తకుండా.

రేవులో పాడైన పడవల్ని ట్రైలర్ మీద కొండమీది షెడ్డుకు లాక్కెళ్లడం, బాగయ్యాక మళ్లీ కిందికి దించడం ఆ ఇంటి పని. డీజిల్ పికప్ ఒక్కటే, తోలేవాళ్లు ఇద్దరు. రెండు రోజులు తండ్రి, మూడో రోజు కూతురు. కొంతకాలంగా కూతురికి మైలేజీ పిచ్చి పట్టుకుంది. పట్టిందంటే మామూలుగా కాదు. ఎయిర్ ఫిల్టర్ మార్చింది, టైర్లలో గాలి సరిచూసింది, గాలికి అడ్డమని పైన ఉన్న ఇనుప చట్రం విప్పేసింది, వాడని గొలుసులన్నీ దింపి పారేసింది. ఫలితం తన రోజున కనిపించేది. తండ్రి రోజున మాత్రం డీజిల్ ముల్లు ఎప్పటిలాగే కిందికి జారిపోయేది.

తండ్రి చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. "ఏవే మెకానిక్కూ, ఇవాళేం ఊడదీశావు?"

"ఊడదీయడానికి ఇంకేం మిగల్లేదు నాన్నా. అదే బండి, అదే దారి, అవే పడవలు. నువ్వు తోలితే డీజిల్ ఎటు పోతోంది?"

"బండికి వయసైపోయింది తల్లీ."

"నేనెక్కితే కుర్రదైపోతోందా?"

"పొద్దున్నే మొదలెట్టకే," అంది తల్లి.

"నువ్వుండమ్మా. నాన్నా, సూటిగా అడుగుతున్నా. మధ్యలో ఎక్కడికైనా తిరుగుతున్నావా? ఎవరికైనా డీజిల్ తీసి పోస్తున్నావా?"

తల్లి చేతిలో సూది ఆగిపోయింది. తండ్రి చాలాసేపు కూతురి మొహంలోకే చూశాడు.

"అయితే నేను దొంగనన్నమాట. సరే, అలాగే అనుకో," అని భార్య ఒళ్లోంచి చెప్పులు లాక్కుని తొడుక్కున్నాడు.

"ఏవండీ, కుడిదానికి ఇంకా కుట్టలేదు. ఒక్క నిమిషం..."

ఆయన వినిపించుకోలేదు. పట్టా పరిచి, ఎప్పటిలాగే స్టీలు గ్లాసు నిండా నీళ్లు పట్టుకుని బండెక్కాడు. తల్లి కూతురి మోచెయ్యి పట్టుకుంది. "నువ్వూ ఎక్కు. ఒంటరిగా పంపకు." కూతురు దాన్ని తండ్రి మీద కాపలాకు అనుమతి అనుకుంది. కోపంలో ఉన్న మనిషి బుర్ర అంతవరకే పనిచేస్తుంది.

డాష్‌బోర్డు మీద గ్లాసు నిలబడటానికి ఆయన స్వయంగా చెక్కి బిగించిన చిన్న చెక్క గూడు ఉంది. కూతురికి డ్రైవింగు నేర్పింది ఆ గ్లాసుతోనే. నీళ్లు ఒలకలేదంటే డీజిల్ వృథా కాలేదన్నట్టే అనేవాడు. పడవలు లాగినా ఆయన చేతిలో చుక్క కింద పడేది కాదు. ఆ పేరు రేవంతా ఉండేది.

అలాంటిది, ఇవాళ వీధి మలుపు తిరక్కుండానే నీళ్లు తొణికాయి. ఖాళీ ట్రైలర్‌తో కొండెక్కుతుంటే బండి తూలుతూ, ఉలిక్కిపడుతూ వెళ్లింది. తనమీద కోపం బండిమీద చూపిస్తున్నాడనుకుని కూతురు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. షెడ్డులో పనివాళ్లు పెద్ద పడవను ట్రైలర్ మీదకు ఎక్కిస్తున్నంతసేపూ ఆయన సీటు దిగలేదు.

దిగుడు మొదలైంది. ఎక్కడో కాలుతున్న వాసన. కూతురు వంగి కిందికి చూసింది. ఆటోమేటిక్ గేర్ల బండి కదా, ఎడమకాలికి అసలు పనే లేదు. అయినా అది బ్రేకు మీదుంది. కుడికాలు యాక్సిలరేటర్ మీదుంది. ఒకటి బండిని తోస్తుంటే రెండోది ఆపుతోంది. ఇన్నాళ్లూ డీజిల్ పోయింది అక్కడే.

"నాన్నా, రెండు కాళ్లూ ఎందుకు తొక్కుతున్నావు?"

అప్పుడు కనిపించింది ఆమెకు, తండ్రి కుడిపాదం ఉత్తదిగా ఉండటం. పట్టీ లేని ఆ చెప్పు జారి బ్రేకు పెడల్ కిందికి దూరింది.

"నాన్నా, నీ కుడి చెప్పు ఊడిపోయింది."

"లేదే. కాలికే ఉందిగా," అన్నాడు ఆయన, రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండా.

ఎదురుగా మలుపు. ఆయన బ్రేకు తొక్కాడు. పెడల్ సగం దిగి ఆగిపోయింది. వెనకనుంచి పడవ బరువు నెట్టుకొస్తోంది.

"దిగట్లేదే!"

"కుడికాలు తీసెయ్ నాన్నా!"

"తీశాను."

తీయలేదు. అది యాక్సిలరేటర్ని నొక్కుతూనే ఉంది. కూతురు రెండు చేతులా ఆయన పిక్క పట్టుకుని కాలిని పక్కకు లాగేసింది. గేరు కిందికి దించింది. ఇంజను గర్జించింది. ఒక చేత్తో హ్యాండ్‌బ్రేకు మెల్లమెల్లగా పైకి లాగుతూ, రెండో చేత్తో పెడల్ కింద తడిమి చెప్పు బయటికి లాగింది. "ఇప్పుడు తొక్కు."

బండి మలుపు గోడను ఆనుకునేంత దగ్గరగా వెళ్లి ఆగింది. గ్లాసు ఎప్పుడో ఖాళీ అయింది. పట్టా తడిసిపోయింది. వాన లేకపోయినా దండెం మీద పట్టా ఎందుకు ఆరుతోందో కూతురికి అప్పుడర్థమైంది. ఈ మనిషి తన వంతు వచ్చినప్పుడల్లా గ్లాసు నింపుకుని వస్తున్నాడు. ఇవాళైనా ఒలకదేమోనని.

"ఎప్పట్నుంచి నాన్నా?"

"షుగరు కదా. ముందు వేళ్లు మొద్దుబారాయి. తర్వాత పాదం మొత్తం. ఎంత తొక్కుతున్నానో తెలియక, భయమేసి ఎడమకాలు బ్రేకు మీద పెట్టడం అలవాటైంది. మీ అమ్మకు తెలుసు. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నా."

"నిన్ను దొంగన్నాను. అప్పుడైనా చెప్పొచ్చుగా."

ఆయన ఖాళీ గ్లాసును చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. "దొంగంటే ఒక పూట తిట్టి ఊరుకుంటావు. కాలు పోయిందంటే తాళాలు తీసేసుకుంటావు. బండి లేకపోతే ఆ ఇంట్లో నేనెవర్నే?"

దొంగ అనిపించుకోవడమే నయమనుకున్నాడు తండ్రి. కూతురు ఆయన భుజం మీద తల ఆనించి చిన్నపిల్లలా ఏడ్చింది. తాళాలు మాత్రం తీసుకుంది. అందులో బేరం లేదు.

"పక్కకు జరుగు నాన్నా. రేపు ఇద్దరం డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం."

తన సీసాలోని నీళ్లతో గ్లాసు అంచుదాకా నింపి గూట్లో పెట్టి స్టీరింగు పట్టుకుంది. ఆయన కాసేపు కిటికీ వైపు తిరిగి మొహం తుడుచుకున్నాడు. రెండో మలుపు దగ్గర ఉండబట్టలేకపోయాడు.

"మలుపులోకి వచ్చాక బ్రేకేంటే? ముందే తొక్కి వదిలెయ్. బరువు దాని పని అది చేసుకుంటుంది."

"సరే నాన్నా."

"ఇప్పుడు తొక్కు. మెల్లగా. ఆఁ, అదీ."

పడవ రేవు చేరింది. మధ్యాహ్నానికి బండి ఇంటిముందు ఆగింది. తల్లి గేటు పట్టుకుని నిలబడి ఉంది. డ్రైవరు సీట్లోంచి కూతురు దిగడం చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తండ్రి తలుపు పట్టుకుని జాగ్రత్తగా దిగి, రెండు చేతులా గ్లాసు ఆమెకందించాడు.

"చూడు, చుక్క ఒలకలేదు," అన్నాడు. "నేనే తోలించాను."

తల్లి గ్లాసు అందుకుంది. ఆ చేతుల వణుకుకి నీళ్లు ముగ్గురి కాళ్లమీదా ఒలికాయి. కుడికాలు తడిసినట్టు ఆయనకు మాత్రం తెలియలేదు. కూతురు వంగి, తన చున్నీతో ఆ పాదాన్ని తుడిచింది.