సన్యాసమ్మ మంచం

ఆదివారం పొద్దున్న సత్యారావు ఇంట్లో ప్రార్థన కంటే ముందు జరిగే పని మంచం మొయ్యడం. ఏక్‌బాల్‌పూర్‌లో కార్పొరేషన్ వాళ్లు ఇచ్చిన క్వార్టర్‌లో ఉన్నది ఒకటే గది. ఆ గదిలో గోడవారగా అతని తల్లి సన్యాసమ్మ మంచం. పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయినప్పటి నుంచి ఆమె లోకమంతా ఆ మంచమే. మాట కూడా పోయింది. తెలివి మాత్రం ఎక్కడికీ పోలేదు, అదే ఆమె దురదృష్టం. తలవైపు కొడుకు, కాళ్లవైపు కోడలు అప్పమ్మ పట్టుకుని మంచాన్ని వరండా చివర నీళ్ల డ్రమ్ముల పక్కన దించుతారు. తర్వాత గదిలో చాపలు పరుస్తారు. కంజీర కిందికి దింపుతారు. అప్పటికి ఆ గది చర్చి అవుతుంది.

సత్యారావు చదువుకున్న పాస్టరు కాడు. వారమంతా చెత్తబండి తోస్తాడు, ఆదివారం వాక్యం చెబుతాడు. ఆ ఉద్యోగం కూడా తల్లిదే. ఆమె చీపురు దించాక కొడుక్కి వచ్చింది. శ్రీకాకుళం నుంచి వచ్చిన తనవాళ్లు ఇంత పెద్ద బెంగాలీల ఊళ్లో ఎవరికీ ఏమీ కానట్టు బతకడం చూడలేక, పదేళ్ల కిందట చుట్టుపక్కల కుటుంబాలను కూర్చోబెట్టి పాట ఎత్తుకున్నాడు. ఇప్పుడు ఎవరింట్లో పురుడొచ్చినా, చావొచ్చినా, మొగుడు తాగొచ్చి కొట్టినా ముందు కబురు ఇతనికే. గది ఇరుకైపోయింది. పేటలోని క్లబ్బు గది ఆదివారం పూట ఇప్పించమని పార్టీ ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగాడు. అక్కడ అందరూ దాదా అని పిలిచే లీడరు మంచివాడే, ప్రతిసారీ టీ ఇప్పించి "దేఖా జాబే" అంటాడు. చూద్దాం అని దానర్థం. చూడడని అందరికీ తెలుసు.

ఆ ఆదివారం పొద్దున్నే మబ్బు కమ్ముకొచ్చింది.

"ఇయ్యాల అత్తని లోపలే ఉంచుదుము. వానొచ్చీలాగుంది," అంది అప్పమ్మ, మంచం పట్టకుండా చేతులు కట్టుకుని.

"చోటేదే? ఇయ్యాల గార్డెన్ రీచ్ నుంచి కొత్తోళ్లొస్తన్నారు. సింహాచలమ్మని ఒకావిడ, మొగుడు ఓడల డాకులో పని సేస్తా మెట్లమీంచి పడిపోనాడట. నడుం పనిసెయ్యదు. మన లైను కూర్మయ్య వాళ్లని తేడానికెల్నాడు."

"అలాటోడొస్తంటే మరీ మంచిది కదా. అత్తని సూస్తారు."

సత్యారావు మంచం తలవైపు ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. ఒకవైపు ఎత్తితే ముసలావిడ జారిపోతుంది. అప్పమ్మ పళ్లు కొరుక్కుంటూ రెండోవైపు పట్టింది. సన్యాసమ్మ కప్పు వైపు చూస్తూ బయటికి వెళ్లిపోయింది.

జనం వచ్చారు. చాపలు నిండాయి, గడప దాకా కూర్చున్నారు. సత్యారావు తెల్లచొక్కా వేసుకుని పాట ఎత్తుకున్నాడు. అతని గొంతు విప్పితే ఎదురు క్వార్టర్ల లైనులో బెంగాలీలు కూడా కిటికీ తెరుస్తారు. రెండో పాట మధ్యలో వాన దిగింది. రేకుల మీద మోత మొదలయ్యేసరికి పాడేవాళ్లూ గొంతు పెంచారు. వానా పాటా పోటీ పడ్డాయి. అప్పమ్మ పాడుతోంది గానీ మనసు నిలవలేదు. జనాన్ని దాటుకుంటూ వరండాలోకి వచ్చింది.

గాలివాన ఏటవాలుగా కొడుతోంది. దుప్పటి నీళ్లు పీల్చుకుని ముసలావిడ ఒంటికి అతుక్కుపోయింది. సన్యాసమ్మ నోరు తెరుచుకుని ఉంది. ఆమెకు వచ్చిన ఒకే ఒక్క కూత, "ఆ... ఆ..." అని, పెడుతూనే ఉంది. ఎంతసేపటి నుంచి పెడుతోందో దేవుడికెరుక. పని చేసే ఎడంచెయ్యి గోడను గీరుతోంది.

అప్పమ్మ ఎవర్నీ పిలవలేదు. మంచాన్ని ఒక్కతే ఈడ్చుకుంటూ గడప దాకా తెచ్చింది. "లెగండి! జరగండి!" అని ఒక్క కేక వేసింది. పాట ఆగిపోయింది. జనం అదిరిపడి లేచారు. ఇద్దరు ముగ్గురు చెయ్యి వేస్తే మంచం మళ్లీ గోడవారకు చేరింది.

"ఏటే ఇది, ప్రార్థన మధ్యలో?" అన్నాడు సత్యారావు, అందరూ వింటున్నారని గొంతు తగ్గించి.

అప్పమ్మ గొంతు తగ్గించలేదు. "ముసిల్ది తడిసి ముద్దయిపోనాది. మీ పాటల మోతలో దాని కూత ఎవలకీ ఇనబళ్లేదు."

"చోటు లేదని నీకు తెలీదేటి?"

"చోటు లేకేటి? సూడు, పట్టింది కదా! మనుషులు కుంత జరిగితే పట్టింది. నీకు చోటు లేక కాదు. సిగ్గు!"

ఆమె తడిసిన దుప్పటి లాగేస్తూనే మాట్లాడుతోంది.

"మొదట్లో ఇక్కడే కదా ఉండీది. అందరం సేతులేసి ప్రార్థన సేసినాం. మా యమ్మ లెగుస్తాది, లెగిసి సాక్ష్యం సెప్తాది అనీసి లైనంతా సెప్పుకున్నావు. లెగలేదు. కుళాయి కాడ ఎవలో అన్నారు, ఊరందరికీ శకునం సెప్పీ బల్లి కుడితిలో పడిందట అని. ఆ మాట నువ్వు ఇన్నావు. ఆ ఆదివారం నుంచే కదా మంచం బయటికెల్నాది? కొత్తోళ్లు సూడకూడదనీసి కన్నతల్లిని డ్రమ్ముల పక్కన దాచీసినావు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నువ్వు రచ్చ గెలవడానికి ఇంటినే బయటెట్టీసినావు."

ఆమె అన్నది నిజమని సత్యారావుకి తెలుసు. అప్పటి నుంచీ తనకు తాను కూడా చోటు గురించే చెప్పుకున్నాడు. చోటు మాట చెప్పుకుంటే రాత్రి నిద్ర పడుతుంది.

అప్పుడే బయట గంట మోగింది. లాగుడు రిక్షా మెట్ల ముందు ఆగింది. కూర్మయ్య, రిక్షావాడు కలిసి ఒక భారీ మనిషిని ఎత్తుకుని లోపలికి తెచ్చి చాప మీద పడుకోబెట్టారు. అతను పోలయ్య. ఒకప్పుడు మూటలు మోసిన ఒళ్లు, ఇప్పుడు కండ కరిగి వేలాడుతోంది. వెనకే సింహాచలమ్మ, నెత్తిన ప్లాస్టిక్ సంచి కప్పుకుని. గడప దాటగానే దణ్ణం పెట్టింది.

"అయ్యగారూ, నీ పేరు ఇనొచ్చినాం. ఆసుపత్రోళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. నువ్వు ప్రార్థన సేస్తే లెగుస్తారట కదా?"

సత్యారావు తెలియకుండానే తల్లి మంచానికి అడ్డంగా నిలబడి ఉన్నాడు. అతని వెనక మళ్లీ "ఆ..." అని వినిపించింది. సింహాచలమ్మ తొంగి చూసింది.

"ఆవిడెవలు?"

తప్పించుకోవడానికి ఆ గదిలో ఇంకో గుమ్మం లేదు. అతను పక్కకి జరిగాడు.

"మాయమ్మ."

"ఎన్నాళ్లయింది?"

"రెండేళ్లు."

"ప్రార్థన సెయ్యనేదేటి?"

"రోజూ సేసినాం. రోజూ ఏడిసినాం."

"మరి?"

"తగ్గలేదమ్మా," అన్నాడు సత్యారావు. ఆ ఒక్క ముక్కా అనడానికి అతనికి రెండేళ్లు పట్టింది.

సింహాచలమ్మ మొహంలో ఉన్న కాస్త వెలుగూ ఆరిపోయింది. ఇక మొగుణ్ణి తీసుకుని వెళ్లిపోతుందనే అందరూ అనుకున్నారు. ఆమె వెళ్లలేదు. వెళ్లడానికి మాత్రం ఎక్కడికి వెళ్తుంది? అప్పమ్మ ముసలావిడకి తడి జాకెట్టు మారుస్తుంటే దగ్గరికి వచ్చి వంగి చూసి, సొంత అక్కని అడిగినట్టు అడిగింది.

"అప్పా, రెండేళ్ల నుంచి పడుకునుంటే ఈపు మీద ఒక్క పుండూ నేదు. ఎలగ సేస్తన్నావు?"

"పూటపూటకీ ఒక పక్కకి తిప్పాల. తడి ఉంచకూడదు. పౌడరెయ్యాల."

"నానొక్కదాన్నీ తిప్పలేకపోతన్నాను. మనిషి బరువు. తిప్పబోతే ఆడు కేకలెడతాడు, నాను వొదిలేత్తాను. ఈపంతా పోనాది అప్పా..." అని ఆమె చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

మగడు కళ్లు మూసుకున్నాడు. తన పుండ్ల గురించి పదిమందిలో పెళ్లాం చెబుతుంటే వినడం తప్ప అతను చేయగలిగింది లేదు.

సత్యారావు చేతిలో బైబిలు ఉంది. చెప్పాల్సిన వాక్యం రాత్రే సిద్ధం చేసుకున్నాడు, విశ్వాసముంటే కొండలు కదులుతాయని. అతను పుస్తకం కిటికీలో పెట్టి పోలయ్య పక్కన కూలబడ్డాడు. కూర్మయ్య భుజాలు పట్టుకున్నాడు, ఇతను నడుం పట్టుకున్నాడు. తిప్పారు. సత్యారావు పోలయ్య చొక్కా ఎత్తి చూశాడు. వీపు సింహాచలమ్మ చెప్పినదానికంటే ఎక్కువే పోయింది.

"ప్రార్థన సెయ్యి తమ్ముడూ," అన్నాడు కూర్మయ్య మెల్లగా.

సత్యారావు కళ్లు మూసుకున్నాడు. ఎప్పుడూ గంగాప్రవాహంలా వచ్చే మాటలు రాలేదు. "అయ్యా, నా సేత ఏటీ అవదు," అన్నాడు. అంతే. జనం ఆమెన్ అనడం మరిచిపోయారు.

కళ్లు తెరిచి సింహాచలమ్మతో అన్నాడు. "లెగుస్తాడని నాను సెప్పలేనమ్మా. తెల్లారగట్ల డ్యూటీకెల్లీముందు మీ ఇంటికొచ్చి తిప్పుతాను. నాను రాలేనినాడు కూర్మన్నొస్తాడు."

"రోజూనా?" అంది ఆమె నమ్మలేనట్టు.

"రోజూ."

వాన తగ్గి, జనం ఒక్కొక్కరే వెళ్లిపోయాక సత్యారావు తల్లి మంచం దగ్గరికి వచ్చాడు. ఎన్ని ఆదివారాలు మంచం మోశాడో గానీ తల్లిని ముట్టుకుని ఎన్నాళ్లయిందో గుర్తుకు రాలేదు. ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

"అమ్మా, తప్పయిపోనాది," అన్నాడు. ఆ మాట తర్వాత వెక్కి వెక్కి ఏడ్చాడు, చిన్నప్పుడు ఆమె చీపురు పట్టుకుని డ్యూటీకి వెళ్లిపోతుంటే ఏడ్చినట్టు.

సన్యాసమ్మ అతనివైపే చూసింది. ఎడంచెయ్యి లేవలేదు. చలికి వణుకుతోందో, కోపంతో వణుకుతోందో, క్షమించిందో లేదో చెప్పడానికి ఆమెకు మాట లేదు. ఇక ఎన్నటికీ రాదు. ఆమె బతికినన్నాళ్లూ ఆ సంగతి తెలియకుండానే ఆమె ముందు తిరగాలని అతనికి అప్పుడు అర్థమైంది.

అప్పమ్మ పౌడరు డబ్బా తెచ్చి పక్కన పెట్టింది. ఆమె కళ్లూ తడిగానే ఉన్నాయి.

"ఏడుపు తర్వాత. రేపు ఆ పోలయ్యని తిప్పాలంటే ముందు నేర్సుకో. ఇలగ రా, నడుం కింద సెయ్యెట్టు. అలగ కాదు, నొప్పెడతాది. మెల్లగా."

సత్యారావు మొహం తుడుచుకుని తల్లి నడుం కింద చెయ్యి పెట్టాడు.