వాసిల్ ఊపిరి

మా ఊళ్ళో పోస్టాఫీసు వెనక వీధి చివర ఒక ఇల్లుంది. ఆ ఇంటి సెల్లార్ మాటెత్తితే చాలు, ఎంత మొనగాడైనా కాఫీ కప్పు కిందపెట్టి గోధుమ ధర గురించి మాట్లాడతాడు. మేం పిరికివాళ్ళం కాదండోయ్. కెనడాలో, సస్కాచవాన్ చలిలో పుట్టి పెరిగినవాళ్ళం. గడ్డకట్టిన చెరువుకి కన్నం పెట్టి, దాని ముందు కూర్చుని చేపలు పట్టేవాళ్ళం. కానీ ఆ సెల్లార్ మెట్లు మాత్రం దిగం... అంతే.

ఆ ఇంట్లో వాసిల్ అని ఓ ముసలి బ్రహ్మచారి ఉండేవాడు. ఒక జనవరిలో సెల్లార్‌లో, ఇల్లంతా వెచ్చబెట్టే గ్యాస్ ఫర్నేస్ పక్కన, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. గుండె ఆగిపోయిందన్నాడు డాక్టరు. గుండె ఆగింది సరే — ఊపిరి ఆగలేదన్నారు మావాళ్ళు.

ఎందుకంటే ఆ తర్వాత ఎవరు ఆ మెట్లు దిగినా, చివరి మెట్టు దగ్గర మెడ మీద చల్లటి ఊపిరి తగిలేది. హుఫ్... కాసేపాగి మళ్ళీ — హుఫ్. అద్దెకొచ్చినవాళ్ళెవరూ రెండో చలికాలం దాకా ఉండలేదు.

అలాంటి ఇంటిని ఒరెస్ట్ కొన్నాడు. స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఈ కథ నేను అల్లింది కాదు, ఆయన నోటితో ఆయన చెప్పిందే. "ధైర్యం నాకు పుట్టుకతోనే వచ్చింది. బుద్ధే ఇంకా దారిలో ఉంది" అని మొదలుపెడతాడు ఎప్పుడూ.

"చచ్చినవాడికి ఊపిరేమిటి, చోద్యం కాకపోతే!" అనుకుంటూ చేరాడు ఆ ఇంట్లో. కానీ చలి మొదలైన కొత్తలోనే ఆయన భార్య మార్లిస్, బట్టలు ఉతకడానికి కిందికి దిగి, మెడ తడుముకుంటూ ఒక్క పరుగున పైకొచ్చింది.

"ఇదిగో చెబుతున్నా విను. ఇంకొక్కసారి ఆ ఊపిరి నా మెడ మీద పడిందంటే రెజైనాలో మా చెల్లెలింటికి పోతా. నువ్వూ నీ వాసిలూ కాపురం చేసుకోండి!"

మార్లిస్ ఉత్తుత్తినే బెదిరించే మనిషి కాదు. ఒరెస్ట్ దెయ్యం లేదని ఊరందరితో వాదించగలడు గానీ, మార్లిస్ లేని ఇంట్లో ఒక్క పూట కూడా ఉండలేడు. వంట రాకపోవడం ఒక్కటే కాదు కారణం... ఆమె అంటే ఆయనకి ప్రాణం. ఆ ముక్క ఆమెతో ఎప్పుడూ అనలేదు, అది వేరే సంగతి.

టార్చి పట్టుకుని కిందికి దిగాడు. అటూ ఇటూ వెలుగు తిప్పాడు. ఫర్నేస్ పక్కన, వాసిల్ పాత కుర్చీ వెనక, బయటి గోడలోంచి ఒక లావుపాటి గొట్టం వచ్చి, కిందున్న ప్లాస్టిక్ బకెట్లో తల పెట్టుకుని ఉంది. వంగి చెయ్యి పెట్టాడు...

హుఫ్!

మంచులా కోసింది గాలి. బయట ఈదురుగాలి గోడకి కొట్టినప్పుడల్లా గొట్టంలోంచి ఊపిరి!

"ఓసోస్, ఇదా నీ ముక్కు, వాసిల్ బాబాయ్!" అని పడీపడీ నవ్వాడు. తన పాత ఆకుపచ్చ స్వెట్టర్ తెచ్చి, ఉండ చుట్టి, ఆ గొట్టంలో కుక్కాడు. ఊపిరి ఠక్కున ఆగిపోయింది.

"దెయ్యం గొంతు నొక్కేశాను. ఇక నిశ్చింతగా బట్టలు ఉతుక్కో" అన్నాడు పైకొచ్చి, మీసం లేకపోయినా దువ్వుకుంటూ.

బావమరిది క్లిఫర్డ్‌కి కూడా గొప్పగా చెప్పుకున్నాడు. క్లిఫర్డ్ ఊరి ఫైరింజన్‌కి స్వచ్ఛంద సేవకుడు.

"బావా, అసలు ఆ గొట్టం ఎందుకు పెట్టారో ఎవర్నన్నా అడిగావా?"

"అడిగేదేముంది? మనం ఇల్లు వెచ్చబెట్టుకుంటుంటే చలిగాలి లోపలికి రావడానికి కన్నం పెట్టాడట! ఎవడో మూర్ఖుడు."

"మూర్ఖుడెవడో తర్వాత తేల్చుకుందాం. ముందా స్వెట్టర్ తీసెయ్, నేనొచ్చి చూస్తా. అన్నట్టు అలారం పనిచేస్తోందా?"

"ఆహా, భేషుగ్గా!" అన్నాడు ఒరెస్ట్. స్వెట్టర్ తీయలేదు సరికదా, విషవాయువుని పసిగట్టి అరిచే ఆ అలారంలో బ్యాటరీలు కూడా లేవు. అవి టీవీ రిమోట్‌లో ఉన్నాయి. హాకీ మ్యాచ్ మరి!

ఆ వారాంతానికే చలి ముదిరింది. సాయంత్రం అయిదు కాకుండానే బయట చిమ్మచీకటి. చర్చి విందు కోసం మార్లిస్ పొద్దుట్నించీ క్యాబేజీ ఆకుల్లో అన్నం, మాంసం కూరి చుట్టలు చుడుతూనే ఉంది. వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ రొద. కింద బట్టలారబెట్టే మెషీన్ గిరగిరా తిరుగుతోంది. కిటికీ అద్దాల మీంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"చూశావా, ఇల్లెంత వెచ్చగా ఉందో! అద్దాలకి కూడా చెమట్లు పడుతున్నాయి" అన్నాడు ఒరెస్ట్.

మార్లిస్ తల రెండు చేతులతో పట్టుకుంది.

"తల పగిలిపోతోంది... కాసేపు నడుం వాలుస్తా."

ఊళ్ళో జ్వరాలున్నాయి కదా, అదే అనుకున్నాడు. తనకీ కడుపులో తిప్పుతోంది. రుచి చూసే వంకతో మింగిన క్యాబేజీ చుట్టల మీదకి నెట్టేశాడు ఆ నేరం.

అప్పుడు...

టక్.

కింద నుంచి.

టక్... టక్...

కుర్చీ కాలు నేలకేసి కొడుతున్నట్టు. ఒరెస్ట్ మార్లిస్ వైపు చూశాడు. సోఫాలో కదలకుండా పడుకుని ఉంది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. చెవిలో అరిచినా లేచేలా లేదు.

కర్లింగ్ ఆటలో మంచు ఊడ్చే చీపురుంటుంది, అది చేతబట్టుకున్నాడు. ఫ్రిజ్ పక్కన తుపాకీ ఉన్నట్టు తర్వాత గుర్తొచ్చిందట. "దెయ్యాన్ని కాల్చలేం గానీ ఊడ్చేయొచ్చు కదా" అని సమర్థించుకుంటాడు ఇప్పటికీ.

దిగుతున్నాడు. కాళ్ళు తనవి కానట్టున్నాయి. ఎప్పుడూ భయపడే ఆ చల్లటి ఊపిరి కోసం మెడ బిగించాడు. ఊపిరి రాలేదు. అసలు గాలే లేదు. గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుంది... చివరి మెట్టు దగ్గర మోకాళ్ళు మడతపడి చతికిలబడ్డాడు.

కుర్చీలో — ఎవరో ఉన్నారు.

ఉన్ని టోపీ. ముడుచుకున్న భుజాలు. ఒరెస్ట్ వైపు చూడటం లేదు. బకెట్ వైపు చూస్తూ తల అడ్డంగా ఊపుతున్నాడు.

"బాబాయ్... స్వెట్టర్ నాదే... తప్పైపోయింది..." అని గొణిగాడట ఒరెస్ట్. కళ్ళు మూతలు పడ్డాయి.

హుఫ్!

చెంప మీద కొట్టినట్టు చలిగాలి. మళ్ళీ — హుఫ్! గుండెల నిండా పీల్చుకున్నాడు. కళ్ళు తెరిచాడు. కుర్చీలో ఎవరూ లేరు.

ఒక్కటే తోచింది. మార్లిస్!

నాలుగు కాళ్ళ మీద పాకుతూ పైకొచ్చాడు. ఆమెను బొంతతో సహా ఈడ్చుకుంటూ తలుపు తన్ని బయట మంచులో పడ్డాడు. ఆమె కళ్ళు తెరవలేదు. మొహానికి మంచు రాశాడు. భుజాలు పట్టి కుదిపాడు. చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు.

"లే, మార్లిస్... మీ చెల్లెలింటికి పోదువుగాని లే... నేనే దింపుతా... లేవే..."

చాలాసేపటికి ఆమె దగ్గింది. ఒక కన్ను తెరిచింది.

"స్టవ్... ఆపావా?"

అంత తియ్యటి మాట తన జన్మలో వినలేదంటాడు ఒరెస్ట్.

ఆ ఏడుపు విని పక్కింటివాళ్ళు ఫోన్ చేశారు. క్లిఫర్డ్ వాళ్ళు రివ్వున వచ్చేశారు. ఇద్దరినీ ట్రక్కులో కూర్చోబెట్టి, ఆక్సిజన్ తగిలించి, మాస్కు పెట్టుకుని క్లిఫర్డ్ ఒక్కడే ఇంట్లోకి వెళ్ళాడు. ఫర్నేస్ ఆపి, కిటికీలన్నీ తెరిచి బయటికొచ్చాడు. మొహం పాలిపోయి ఉంది.

"మంట మండాలంటే గాలి కావాలి బావా. అందుకే ఆ గొట్టం. నువ్వు దాన్ని మూసేశావు. పైన ఫ్యాను, కింద మెషీను ఉన్న గాలంతా బయటికి లాగేశాయి. దాంతో పైకి పోవాల్సిన విషపు పొగ వెనక్కి తిరిగి ఇంట్లోకే వచ్చింది. దానికి వాసనుండదు, రంగుండదు." ఒరెస్ట్ భుజం తట్టి, "మధ్యలో స్వెట్టర్ లాగేశావు కాబట్టి బతికిపోయారు. లేకపోతే ఆ మెట్ల దగ్గరే ఉండిపోయేవాడివి" అన్నాడు.

"నేను... లాగలేదు."

"మరి అక్కా, నువ్వా?"

"నేను సోఫా మీంచి లేస్తే కదా!"

క్లిఫర్డ్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. గొంతు తగ్గించాడు.

"స్వెట్టర్ కుర్చీ మీదుంది. చేతులు రెండూ లోపలికి పెట్టి... చక్కగా... మడతపెట్టి ఉంది."

మార్లిస్ మాస్కు పక్కకి జరిపి, మొగుణ్ణి కిందనుంచి పైదాకా చూసింది.

"ఈయనా? పెళ్ళయ్యాక ఒక్క జేబురుమాలు మడతపెట్టి ఎరగడు!"

ఒరెస్ట్ తల దించుకున్నాడు. మెల్లిగా అడిగాడు — "మీ చెల్లెలింటికి... ఎప్పుడు దింపమంటావు?"

మార్లిస్ బొంత మెడదాకా లాక్కుని, తెరిచి ఉన్న ఆ ఇంటి తలుపు వైపు చూసింది.

"నేనెక్కడికీ పోను. ఇన్నాళ్ళకి బట్టలు మడతపెట్టే మగాడున్న ఇల్లు దొరికింది."