మూడో మనిషి ముందు

"నాకు నిజంగానే మతి పోతోందేమో తేల్చుకురా, అల్లుడూ. సాయంత్రం అయిదు దాకే టైము."

మామగారే బాస్ కూడా అయితే, ఆ తిప్పలు పగవాడికి కూడా వద్దు. ఆ గూఢచారి ఆఫీసులో అతని కోడ్‌నేమ్ కూడా 'అల్లుడే'.

విదేశంలో చిక్కుకున్న మన ఏజెంట్లు పదకొండుమందిని వెనక్కి రప్పించే సంకేతాలు చీఫ్ అయిన ఆ మామగారి బుర్రలో తప్ప ఎక్కడా లేవు. ఆయన రక్తంలో మతిమరుపు జబ్బు ముప్పు పెంచే జీన్ ఉందనీ, పరీక్షలో చెప్పిన మూడు మాటలూ తిరిగి చెప్పలేకపోయారనీ ఆఫీసు డాక్టర్ రిపోర్టిచ్చింది. దాంతో అయిదింటికల్లా సంకేతాలన్నీ కంప్యూటర్‌కెక్కించమని చీఫ్ పైనున్న ప్రభుత్వ సెక్రటరీ మేడమ్ ఆర్డర్ వేసింది.

ఏసీ మెకానిక్ వేషంలో అల్లుడు క్లినిక్ సీలింగ్‌లోకి దూరాడు. కింద సెంటు ఘుమఘుమలతో డాక్టర్ ఫోన్లో మాట్లాడుతోంది.

"జీన్ ఉన్నమాట నిజమే. కానీ పరీక్షల్లో తేలిన ఆయన ఒంటి వయసు అసలు వయసుకంటే తొమ్మిదేళ్లు తక్కువ. అలాంటివాళ్లకి ముప్పు తగ్గుతుంది. ఆ పేజీ చించేశాలే. మాటల పరీక్షప్పుడు నర్సునీ పక్కనే నిలబెట్టాగా. కంప్యూటర్ మన గుప్పిట్లోనే ఉంది. అయిదు దాటితే పదకొండుమందీ ఫినిష్!"

ఓసి నీ దుంపతెగ! బటన్ కెమెరా అంతా రికార్డు చేసింది. ఇంతలో స్క్రూ ఒకటి జారి ఆమె టేబుల్ మీద పడింది.

డాక్టర్ పిస్టల్ సైలెన్సర్ దగ్గింది. కెమెరా ముక్కలైంది, అల్లుడి భుజం చీరుకుపోయింది. రక్తం ఓడుతూనే చీఫ్ గదికి మెట్లెక్కాడు.

లిఫ్టులో డాక్టరే ముందు చేరింది. "ఇతనికి పిచ్చెక్కింది మేడమ్! పట్టుకోండి!"

చీఫ్ వేళ్లు అప్పటికే కీబోర్డు మీదున్నాయి.

"ఆగండి మామగారూ!" అల్లుడు అరిచాడు. "మేడమ్, ఆ మూడు మాటలూ ఇప్పుడడగండి. కానీ ఏకాంతంగా! విన్న మాట మూడో మనిషి ముందు తిరిగి చెప్పకూడదు, మా వృత్తిలో మొదటి పాఠం అదే. పరీక్షప్పుడు పక్కన నర్సుంది. ఈవిడ కావాలనే నిలబెట్టింది!"

చీఫ్, సెక్రటరీ తప్ప అందరూ అద్దాల తలుపు బయటికి నడిచారు. చీఫ్ వంగి సెక్రటరీ చెవిలో ఏదో చెప్పారు. ఆమె రిపోర్టుతో సరిచూసుకుంది.

"మూడూ కరెక్టే. డాక్టర్‌ని సోదా చెయ్యండి."

డాక్టర్ చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి పోయేలోపే అల్లుడు మణికట్టు విరిచిపట్టాడు. పిస్టల్‌తో పాటు చించేసిన పేజీ కూడా బయటపడింది.

"ఆ జీన్ నీలోనే ఉంది, ముసలోడా!" ఆమె బుసకొట్టింది.

"ఉంది. భయంగానూ ఉంది." చీఫ్ కీబోర్డు పక్కకి తోశారు. "కానీ ఇవాళ నా పిల్లలు పదకొండుమందీ బతికారు. అది చాలు."

భుజానికి కట్టు పడ్డాక అల్లుడు నసిగాడు. "మామగారూ, మరి మీరు మాటిచ్చిన నా ప్రమోషన్..."

"ఏ ప్రమోషన్?"

అల్లుడు గదిలో చుట్టూ చూశాడు. సెక్రటరీ మేడమ్ ఇంకా కదల్లేదు. గబగబా లేచి, ఆమెకోసం తలుపు తీసి పట్టుకున్నాడు.