ఒత్తుగుంతలో శృతి పట్టినోడు

ఈ కథ నాకు మొదట చెప్పింది డోలు చిక్కమునియప్ప. అప్పటికి ఆయనకు డెబ్బై దాటింది. ఒక చెవి మందం, చెయ్యి మాత్రం తాళం తప్పదు. ఆ రాత్రి అక్కడ ఉండినవాడు ఆయనే. ఇంకెవరు చెప్పినా అది విని చెప్పేదే. హోటలు శ్రీనివాసులు చెప్పేదాంట్లో తెల్లచీర ఉంటుంది, గజ్జెల చప్పుడు ఉంటుంది. రెండూ అబద్ధం. ఆ ఒక్క మాటకే నేను అతని హోటల్లో కాఫీ తాగేది మానేసి ఇరవై ఏండ్లాయె.

మాగడి రోడ్డులో టోల్‌గేటు దాటి రెండు ఫర్లాంగులు పోతే, రోడ్డు ఎడమకు తిరిగే చోట ఒక గుంత ఉండేది. బండ పగలగొట్టి రాయి తీసుకోని, ఇంక పనికిరాదని వదిలేసిన గుంత. తాటిచెట్టు నిలబెట్టినా మునిగేంత లోతు. అడుగున నల్లటి నీళ్ళు. దాన్ని ఒత్తుగుంత అనేవాళ్ళు.

ఒత్తు అంటే తెలియనివాళ్ళకు చెప్తాను. మేళంలో ముందు సన్నాయి ఊదేవాడు ఒకడు, పక్కన డోలు వాయించేవాడు ఒకడు. వెనకాల ఇంకొకడు పొడుగాటి కట్టె పట్టుకోని ఒకే ఒక్క స్వరం విడవకుండా ఊదుతా ఉంటాడు. అదే శృతి, అదే ఒత్తు. బుగ్గల్లో గాలి నిలుపుకోని, ముక్కుతో పీల్చుకుంటా, గంటల తరబడి ఒకటే 'సా'. ముందువాడిని ఊరంతా చూస్తుంది. ఒత్తువాడిని ఎవరూ చూడరు.

ఎప్పుడో తాతల కాలంలో, పెండ్లి ముగించుకోని ఒక మేళం చీకట్లో ఆ దారిన వస్తా ఉండిందంట. నిద్ర రాకుండా ఊదుకుంటానే నడుస్తా ఉండినారు. అందరికన్నా వెనక నడిచే ఒత్తువాడు కాలు జారి గుంతలో పడినాడు. ముందు పోయేవాళ్ళు తిరిగి చూడలేదు. ఎందుకు చూస్తారు… శృతి వినిపిస్తానే ఉండింది. టోల్‌గేటు దగ్గర దీపం వెలుగులో చూసుకుంటే, మనిషి లేడు.

శృతి మాత్రం ఉంది.

అప్పటినుంచి ఏ మేళం అయినా ఆ మలుపు దగ్గర వాద్యం ఆపాల. మొదట డోలు, తర్వాత సన్నాయి, కడపట ఒత్తు. ఒత్తువాడు ఊపిరి ఆపినాక కూడా గుంతలోనుంచి ఆ స్వరం ఇంకొంచెం సేపు వస్తుంది. మాగడి బండ్లవాళ్ళు ఎద్దుల మెడ గంటల్లో గుడ్డలు కుక్కి ఆ మలుపు దాటేవాళ్ళు.

ఇంక ఆ అన్నదమ్ముల సంగతి.

కాటన్‌పేట కెంపమ్మకు కవలపిల్లలు. పావుగంట ముందు పుట్టినవాడు దొడ్డప్ప, వెనక పుట్టినవాడు చిన్నప్ప. ముఖాలు అచ్చు ఒకటే. తల్లి కూడా గొంతు వినేదాకా ఎవరు ఎవరో చెప్పలేకపోయేది. గొంతు వినిపిస్తే అది దొడ్డప్ప. చిన్నప్ప మాట్లాడేది తక్కువ.

వాళ్ళ నాయన పోయినాక మేళం దొడ్డప్ప చేతికి వచ్చింది. మంచి వాద్యగాడే, కాదనను. తమ్ముడికి మాత్రం పన్నెండేండ్ల వయసులో ఒత్తు కట్టె ఇచ్చి వెనక కూర్చోబెట్టినాడు, అంతే. సన్నాయికి పెట్టే రెల్లుపుల్లలు మూట కట్టి ఎప్పుడూ తన మొలలోనే పెట్టుకునేవాడు, తమ్ముడు ముట్టకుండా.

"నేను బండి. నువ్వు ఇరుసుకు పూసే కందెన. కందెనకు పాటెందుకురా?" అని నలుగురిలో నవ్వేవాడు. నలుగురూ నవ్వేవాళ్ళు. చిన్నప్ప కూడా నవ్వేవాడు.

చిక్కమునియప్ప మాత్రం నవ్వలేదు. ఆయన డోలు ఎప్పుడూ ఒత్తు పక్కనే. చిన్నప్ప వేళ్ళు ఆయన చూసినాడు. ఒత్తు కట్టె మీద వేళ్ళకు పని లేదు. అయినా ఆడుతా ఉండేవి. రాగంలో దొడ్డప్ప ఊదబోయే సంగతి చిన్నప్ప వేళ్ళు ఒక తాళం ముందే ఊదేసేవి. కొన్ని రోజులు అంతకన్నా మంచి సంగతే ఊదేవి. వినే అదృష్టం లేక చూసి ఊరుకునేవాడు చిక్కమునియప్ప.

1961 మార్గశిరం. పేట గుడి ధర్మకర్త మునినారాయణప్పకు దొడ్డప్పతో మాట పట్టింపు వచ్చింది. ఆయన చిన్నప్పను పిలిపించినాడు.

"వైకుంఠ ఏకాదశి తెల్లవారుజామున ఉత్తర ద్వారం తీసేటప్పుడు నువ్వు ఊదప్పా. నిలబడితే ఈ గుడి మేళం నీది. లేదంటే మళ్ళీ నా గడప ఎక్కొద్దు, పోయి నీ అన్న వెనకే కూర్చో."

దొడ్డప్ప ఈ మాట విని అరవలేదు, కొట్టలేదు. కాటన్‌పేట నుంచి హలసూరు దాకా ఒత్తు పట్టేవాళ్ళందరికీ ఒకటే కబురు పెట్టినాడు. చిన్నప్పకు శృతి పట్టినవాడు ఈ జన్మలో నా మేళంలో కూర్చోడు, అని. ఒక్కడూ రాలేదు. డోలుకు చిక్కమునియప్ప ఒప్పుకున్నాడు. దానికి ఆయన కూడు పోతుందని తెలిసే ఒప్పుకున్నాడు.

దశమి నాడు చిన్నప్ప వచ్చి ఆయన ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. చేతిలో నాయన సన్నాయి. కెంపమ్మ దాన్నీ, నాయన రెల్లుపుల్లలనూ రాగులు పోసే గుడాణంలో దాచిపెట్టి, ఆ పొద్దే తీసి ఇచ్చింది.

"మామా, నాకు ఊదేది రాదు."

"ఎవడురా చెప్పింది?"

"వేళ్ళు పోతాయి మామా. ఊపిరి పోదు. పద్దెనిమిదేండ్లు ఒకే స్వరం పట్టినాను గదా. ఎంత దూరం పోయినా తిరిగొచ్చి ఆ 'సా' మీదే కూలబడుతుంది. ఇంకొకరు ఎవరైనా దాన్ని పట్టుకుంటే గదా నేను వదిలేది."

"ఎవరు పడతారప్పా… అందరికీ మీ అన్న భయం."

చిన్నప్ప ఎవరో వింటారన్నట్టు మెల్లగా అన్నాడు. "మా అన్నకు భయపడనోడు ఒకడు ఉండాడు. ఒత్తుగుంతలో."

ఆ రాత్రి రెండో ఆట సినిమా జనం ఇండ్లు చేరినాక ఇద్దరూ బయలుదేరినారు. చలి. టోల్‌గేటు బల్బు చుట్టూ మంచు. పశ్చిమాన చంద్రుడు దిగిపోతా ఉండినాడు.

"నేను ఇంతవరకేనప్పా," అన్నాడు చిక్కమునియప్ప. "ఇంక ముందుకు నా కాళ్ళు రావు."

"కూర్చో మామా. డోలుకు మంచు తగలకుండా చూసుకో."

అంత మాత్రం చెప్పి పోయినాడు. అడుగుల చప్పుడు కొంచెం సేపు వినిపించింది. తర్వాత అది కూడా లేదు.

చిక్కమునియప్ప డోలు మీద కంబళి కప్పి, దాని మీద చేతులు పెట్టుకోని కూర్చున్నాడు. చంద్రుడు దిగిపోయినాడు. కుక్క కూడా మొరగలేదు.

సన్నాయి లేచింది. 'సా'. ఆగింది… గుంత దాన్ని కొంచెం సేపు మోసి, వదిలేసింది. మళ్ళీ ఊదినాడు. రెండు స్వరాలు పైకి పోయినాడు, మూడు పోయినాడు — కూలబడినాడు. మళ్ళీ. మళ్ళీ అదే. బావిలో చేద జారినట్టు, ప్రతిసారీ అదే చోటికి.

తర్వాత సద్దు లేదు.

పోయింది, అనుకున్నాడు చిక్కమునియప్ప. తెల్లారితే గుడి గడప ఎక్కేది లేదు, ఈ పిల్లోడి బతుకు వెనక వరసలోనే.

అప్పుడు… గుంతలోనుంచి ఇంకొక 'సా' వచ్చింది.

చిన్నప్ప సన్నాయి కాదు అది. కింది స్థాయి. మందంగా, పొడుగు కట్టెలోనుంచి వచ్చేది. ఆగడం లేదు. గుంత మోసే ప్రతిధ్వని అయితే ఈపాటికి చచ్చిపోవాల. ఇది నిలబడింది. మేకు కొట్టినట్టు నిలబడింది.

చిక్కమునియప్ప డోలును దగ్గరికి లాక్కున్నాడు. చిన్నప్ప కేక కోసం చెవి పెట్టినాడు. ఇప్పుడు అరుస్తాడు… ఇప్పుడు పరిగెత్తుతాడు…

కేక రాలేదు. సన్నాయి వచ్చింది.

తోడి రాగం. ఆ 'సా' మీద ఒక్కసారి కాలు మోపి, వదిలినాడు. పైకి పోయినాడు, ఇంకా పైకి పోయినాడు, కూలబడలేదు. దారం కొస ఎవరో గట్టిగా పట్టుకున్నాక గాలిపటం లేచినట్టు లేచినాడు. పద్దెనిమిదేండ్లు వేళ్ళతో మాత్రమే ఊదిన సంగతులన్నీ ఒకటి వెనక ఒకటి బయటికి వచ్చినాయి. చిక్కమునియప్ప చేతులు ఆయన్ను అడగకుండానే కంబళి మీద తాళం వేస్తా ఉండినాయి. కింద శృతి పట్టింది మనిషో కాదో, కొంతసేపు ఆయన మరిచేపోయినాడు.

అంతలో అడుగుల చప్పుడు. గుంతవైపు నుంచి. పరుగు.

బల్బు వెలుగులోకి ఒక మనిషి వచ్చి పడినాడు. చిక్కమునియప్ప చూసినాడు — చిన్నప్ప. గడ్డం మీద రక్తం. నోరు తెరుచుకోని ఊపిరి పీలుస్తా ఉండాడు.

సన్నాయి అక్కడ మోగుతానే ఉంది.

"చిన్నప్పా…" అన్నాడు ఆయన. "నువ్వు ఈడ ఉంటే… ఆడ ఊదేది ఎవరురా?"

ఆ మనిషి తల అడ్డంగా ఊపినాడు. "నేను… నేను దొడ్డప్పని మామా."

చేతిలో ఒత్తు కట్టె ఉంది. అప్పుడు చూసినాడు ఆయన దాన్ని. భయం పోయి కోపం వచ్చింది.

"నువ్వా ఆడ శృతి పట్టింది?"

"మీరు అరుగు మీద అనుకునింది నా చెవిన పడింది. పొలాల మీద అడ్డదోవన ముందే పోయి గుంత లోపలి బండ మీద కూర్చున్నాను. ఒత్తు వినిపిస్తే దెయ్యం అనుకోని పారిపోతాడు, ఇంక జన్మలో సన్నాయి ముట్టడు అని. వాడు పారిపోలేదు మామా. ఊదినాడు."

"అయితే ఆపేది గదా."

"అట్లా ఊదుతా ఉంటే ఎట్లా ఆపేది?" దొడ్డప్ప పెదవి తుడుచుకున్నాడు. "నాకు ఒత్తు అలవాటు లేదు. పెదవి చీలింది. ఊపిరి తిరగలేదు. కట్టె నోటినుంచి తీసేసినాను."

చిక్కమునియప్పకు నవ్వు వచ్చింది. దెయ్యం లేదు, పాడు లేదు. వీడేనా ఇంతసేపూ. నవ్వుతానే అడిగినాడు. "ఎప్పుడు తీసినావు?"

"వాడు పై 'సా' ఎక్కకముందే."

అది జరిగి అప్పటికే చాలాసేపయింది.

నవ్వు ఆగిపోయింది. ఇద్దరూ గుంతవైపు తిరిగినారు. చిన్నప్ప సన్నాయి పైన ఎక్కడో తిరుగుతా ఉంది. దాని కింద… సన్నగా కాదు, మందంగానే… శృతి. ఊపిరి మార్చుకునేటప్పుడు ఎంత గొప్ప వాద్యగాడికైనా స్వరం ఒక్క రవ్వ వణుకుతుంది. దీనికి వణుకు లేదు.

"నేను ఆపినా అది ఆగలేదు మామా," దొడ్డప్ప గుసగుసగా అన్నాడు. "అందుకే పరిగెత్తినాను."

చిక్కమునియప్ప అతనివైపు చూడకుండానే అన్నాడు. "తమ్ముడు ఊదుతా ఉంటే సగంలో శృతి వదిలి వచ్చినావు. దెయ్యానికి ఉండే బుద్ధి నీకు లేకపాయె."

దొడ్డప్ప తల వంచుకున్నాడు. పుట్టినప్పటినుంచి అతన్ని ఎరిగిన చిక్కమునియప్ప, అతను తల వంచింది ఆ ఒక్కసారే చూసినాడు.

సన్నాయి ఆగింది. ఆ వెంటనే కింద శృతి కూడా ఆగింది. పాట ముగిసినాకనే ఆగింది.

చిన్నప్ప నడిచి వచ్చినాడు. చలిలో కూడా చొక్కా చెమటతో అతుక్కోని ఉంది. అన్నను చూసినాడు, చేతిలో కట్టెను చూసినాడు, పెదవి మీద రక్తం చూసినాడు. ముఖం ఏదోగా అయింది.

"నువ్వా అన్నా పట్టింది?" అన్నాడు. "కడదాకా వదలకుండా పట్టినావు."

దొడ్డప్ప చిక్కమునియప్పవైపు చూసినాడు. ఆయన డోలు మీద కంబళి తీసి మడిచినాడు.

"పొద్దాయె," అన్నాడు దొడ్డప్ప. "గుడికి పోదాం పదండి."

ఉత్తర ద్వారం ముందు చిన్నప్ప కూర్చున్నాడు. ఎవరూ చెప్పకుండానే దొడ్డప్ప వెనక్కి పోయి కూర్చోని ఒత్తు ఎత్తుకున్నాడు. చీలిన పెదవితో, రక్తం కట్టెమీదికి కారుతా ఉంటే, గంటంబావు సేపు. సగంలో వదలలేదు. చిన్నప్ప ఆ పొద్దు ఎట్లా ఊదినాడో విన్నవాళ్ళు ఇప్పుడు ముగ్గురో నలుగురో మిగిలినారు. మునినారాయణప్ప మెప్పులు చెప్పే మనిషి కాదు. లేచి వచ్చి, "రథోత్సవానికి కూడా నువ్వే రా," అన్నాడు. ఆ తర్వాత చిన్నప్ప బతికినన్నాళ్ళూ ఆ గుడి మేళం అతనిదే. గుంతలో కడదాకా పట్టింది అన్నే అనుకుంటా పోయినాడు. ఇద్దరూ పోయినాకనే చిక్కమునియప్ప ఈ సంగతి నాకు చెప్పినాడు.

ఆ తెల్లవారుజామున ఎవరో ఒక ఫోటో తీసినారు. మొన్న వాద్యగాళ్ళ సంఘంవాళ్ళు అచ్చు వేసిన పుస్తకంలో అది ఉంది. నాది అక్షరాలు కూడబలుక్కునే చదువు, అయినా దాని కింద పేర్లు మూడుసార్లు చదివినాను. 'సన్నాయి: దొడ్డప్ప. ఒత్తు: చిన్నప్ప' అని వేసినారు. పోయి అడిగితే అక్కడి కార్యదర్శి, "ముఖాలు రెండూ ఒకటే గదా తాతా, ఎవరైతే ఏమి?" అన్నాడు. ఆ మాట నేను మరిచేది లేదు.

ఎవరైతే ఏమి కాదు. వెనక కూర్చున్నవాడి పెదవి చూడండి, నల్లగా మరక ఉంది. వాడు దొడ్డప్ప. ముందు కూర్చోని ఊదేవాడు చిన్నప్ప. చదువుకున్నవాళ్ళు ఎవరైనా సరే, ఆ రెండు పేర్లు ఒకదాని చోట ఒకటి మార్చి అచ్చు వేయించండి.