నీడలేని రోజు తారీకు

"కదపొద్దే! కర్ర కదిలితే నీడ కూడా కదులుద్ది," అంది తేజ, స్కూలు గ్రౌండ్‌లో మోకాళ్ల మీద కూర్చుని.

మీటరు కర్రను నిటారుగా పట్టుకోవడం జెబా పని. పన్నెండు దాటింది. అన్నం బెల్లు కొట్టేశారు. జెబా కడుపులో ఎలుకలు పరుగు పందెం పెట్టుకున్నాయి.

"ఎనభై మూడు సెంటీమీటర్లు." తేజ టేపు చుట్టేసింది. "జెబా, మన క్యాలెండర్‌లో తప్పుందేమోనే."

ఇద్దరూ ఏడో తరగతి. నరసరావుపేటలో వందన టీచర్ నడిపే చుక్కల క్లబ్బు సభ్యులు. క్లబ్బు ఆస్తి ఒక పాత బైనాక్యులర్, పదకొండుమంది పిల్లలు, బోలెడంత ధీమా. కొత్త సంవత్సరం ఆకాశంలో ఏమేం చూడొచ్చో రాసి వాళ్లొక క్యాలెండర్ తయారుచేశారు. జెబా నాన్న నూర్ మొహమ్మద్ తన ప్రెస్సులో నలభై కాపీలు వేసిచ్చాడు. బజారులో షాపులకు పంచేశారు కూడా.

అందులో జెబా రాసింది ఒక్క లైనే. అందరికీ నచ్చిందీ అదే. "ఏప్రిల్ 24: నీడలేని రోజు. మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికొస్తాడు. నిలబెట్టిన కర్రకు నీడ పడదు."

"ఆ తారీకు యాడ చూశావే?" అంది తేజ.

"వీడియోలో."

"ఆ వీడియో అక్కది బెంగుళూరు. ఆ తారీకు ఆ ఊరికే. చివర్లో చూపించింది, డిసెంబర్ ఇరవై రెండున మీటరు కర్రకి అక్కడ నీడ డెబ్బై నాలుగంట. ఇయ్యాల కూడా ఇరవై రెండే. మనకేమో ఎనభై మూడు. అంటే మనూళ్లో సూర్యుడు ఇంకా పక్కకే ఉన్నాడు. మన నెత్తి మీదికి లేటుగా వస్తాడు."

జెబా ఆ వీడియో చివరిదాకా చూడలేదు. తారీకు దొరికాక ఇంకా ఎవరు చూస్తారు?

"నీ కొలతే తప్పు. నేను మార్చనంటే మార్చను!"

మార్చకపోవడానికి కారణం చెన్నకేశవులు తాత. తన కిరాణా కొట్లో పిల్లలు క్యాలెండర్ తగిలిస్తున్నప్పుడు ఆయన నలుగురిలో నవ్వాడు. "పగలే చుక్కలు చూపించే పిల్లలొచ్చారర్రా! ఇందులో ఒక్క తప్పన్నా లేకపోతే నా మీసం తీసేస్తా."

"అయితే కత్తెర రెడీగా పెట్టుకో తాతా," అనేసింది జెబా. ఆ మాట ఇప్పుడు గొంతులో చేపముల్లులా గుచ్చుకుంటోంది.

మర్నాడు మధ్యాహ్నం ఒక్కతే కర్ర పట్టుకుని గ్రౌండ్‌కి వెళ్లింది. కొలిచింది. ఎనభై మూడు. మళ్లీ కొలిచింది. నీడకు మొహమాటం లేదు, మళ్లీ ఎనభై మూడే.

చుట్టూ చూసింది. ఎవరూ లేరు. కర్రను కొంచెం సూర్యుడి వైపు వంచింది. నీడ బుద్ధిగా తగ్గింది. ఇంకాస్త వంచింది. డెబ్బై నాలుగు!

ఒక్క క్షణం సంతోషంగానే ఉంది. తరవాత ఏప్రిల్ నెల కళ్ల ముందుకొచ్చింది. వీధి పిల్లలంతా ఎండలో కర్రలు నిలబెట్టుకుని ఉంటారు. అందరి కర్రలకూ నీడ పడుతుంది. అన్ని కర్రలు వంచడానికి జెబా ఒక్కతే చాలదు.

కర్ర చంకలో పెట్టుకుని స్టాఫ్‌రూమ్‌కి నడిచింది. "మేడమ్, నా లైను తప్పు."

వందన టీచర్ లెక్క వేసి చూసింది. "మనకు మే అయిదున వస్తుంది. నేను కూడా సరిచూడలేదమ్మా. సగం తప్పు నాది."

"మే అయిదు అని చిన్న కాగితాలు రాసి పైన అంటిద్దామే," అంది అప్పుడే లోపలికొచ్చిన తేజ. "ఎవరికీ తెలియదు."

"అంటిస్తే దాచినట్టుంటది. కొట్టేసి రాస్తా. అందరికీ కనపడాలి."

సాయంత్రం స్కూలు వదలగానే ఇద్దరూ కిరాణా కొట్టుకి వెళ్లారు. జెబా బియ్యం బస్తా ఎక్కి, ఏప్రిల్ ఇరవై నాలుగు మీద ఎర్ర స్కెచ్‌పెన్నుతో అడ్డంగా గీత గీసింది. కింద "మే 5" అని రాసింది. దాని కింద తన పేరు కూడా రాసింది.

చెన్నకేశవులు తాత మీసం దువ్వుకున్నాడు. "చెప్పానా, తప్పుంటదని!"

కొట్లో వాళ్లు నవ్వారు. జెబా చెవులు ఎర్రబడ్డాయి. బస్తా మాత్రం దిగలేదు.

"ఉంటదన్నావు గానీ ఏదో చెప్పలేకపోయావు గదా తాతా. మేమే కొలిచి పట్టుకున్నాం. మే అయిదున మధ్యాహ్నం పన్నెండూ ఆరుకి కొట్టు బయటికి రా. ఆ నీడ కూడా నువ్వే కొలువు."

"ఎండలోనా? నేనా?"

"గొడుగు వద్దు తాతా. దానికీ నీడుంటది," అంది తేజ.

ఈసారి నవ్వులు తాత వైపు తిరిగాయి. ఆయన పప్పు పొట్లం కట్టడంలో మునిగిపోయాడు.

జెబా బస్తా దిగి రోడ్డు దాటింది. ఎదురుగా మందుల షాపు. లోపల జనం కిక్కిరిసి ఉన్నారు. బయటే నిలబడి అందరికీ వినబడేలా అరిచింది.

"మామయ్యా! మీ గోడ మీద క్యాలెండర్‌లో ఒక తప్పుంది. రాసింది నేనే. ఒక స్టూలు ఇస్తారా?"