వారంటీ దాటిన పద్దెనిమిదో రోజు

కారు లిఫ్ట్ మీద నిర్జీవంగా వేలాడుతోంది.

ఏప్రిల్ 8. ఉదయం 10.20. ఆదోని షోరూం వర్క్‌షాప్.

టార్చ్ వెలుగులో ప్రేమలత కారు అడుగు భాగాన్ని పరీక్షిస్తోంది. పన్నెండేళ్లు రవాణా శాఖలో ఇన్‌స్పెక్టర్‌గా చేసింది. ఇప్పుడు కర్నూలులో సొంతంగా సర్వేయర్. చచ్చిన బండ్ల చావుకు కారణం చెప్పడం ఆమె పని.

ఈ బండి గేర్‌బాక్స్ మార్చి 27న పోయింది. వారంటీ మార్చి 9తోనే ముగిసింది.

ఓనర్ ఉమేష్‌ది ఎమ్మిగనూరు. ఇంట్లో ఉన్న రెండు మగ్గాలూ అమ్మి ఈ కారు కొన్నాడు. మంత్రాలయం యాత్రికులను తిప్పుకుని బతుకుతున్నాడు.

కార్ల కంపెనీ ప్రేమలతను అడిగింది ఒక్కటే. లోపం వారంటీలోనే మొదలైందా? అవునంటే కొత్త గేర్‌బాక్స్ ఉచితంగా వేస్తారు. కాదంటే ఉమేష్ కారును తుక్కు కింద అమ్ముకోవాల్సిందే. సాయంత్రం ఐదుకు రిపోర్టు పోవాలి.

"చూడండి మేడమ్." సర్వీస్ మేనేజర్ రాజశేఖర్ వేలు చూపించాడు. గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ పాన్. దాని బోల్టుల్లో ఒకదాని మీద గీతలు. "బయట మెకానిక్ ఎవడో చెయ్యి పెట్టినాడు."

"మీరు ఈ పాన్ ఎప్పుడైనా విప్పారా?"

"లేదు. ఫిబ్రవరి 18న ఒక్కసారి వచ్చినాడు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసి పంపినాం. అంతే."

జాబ్ కార్డ్ చూసింది. బండి లోపలికి వచ్చింది 9.40. బయటికి పోయింది 4.50.

"అప్‌డేట్‌కు ఎంతసేపు పడుతుంది?"

"అరగంట."

"మరి ఏడు గంటలు?"

"ఆ రోజు రష్ మేడమ్." రాజశేఖర్ నవ్వాడు. కళ్లు మాత్రం నవ్వలేదు.

ఆమె ఎదుటే సీనియర్ మెకానిక్ తిక్కయ్య పాన్ దించాడు. మాడిన వాసన గుప్పుమంది. ఆయిల్ బొగ్గులా ఉంది. ఫిల్టర్ ఊడదీసి కవర్లో పెట్టి సీల్ వేసింది ప్రేమలత. చేతుల నిండా నల్లటి జిడ్డు.

తిక్కయ్య చెయ్యి టూల్ ట్రాలీ కింది డ్రాయర్ మీదికి పోయింది. సగం తెరిచి, టక్కున మూశాడు. ఈలోగా రాజశేఖర్ పేపర్ రోల్ అందించాడు.

"మా దగ్గర కంపెనీ పేపరే మేడమ్. గుడ్డపేలిక కూడా లోపలికి రానియ్యం."

అడగని విషయం. ఎందుకు చెప్పాడు?

12.15. ఎమ్మిగనూరు. ఉమేష్‌కు తెలిసిన మెకానిక్ మద్దయ్య షెడ్డు.

ఉమేష్ అక్కడే ఉన్నాడు. మద్దయ్య మాత్రం స్పానర్ల డబ్బాలో ఏదో వెతుకుతూ ముఖం ఎత్తడం లేదు.

"పాన్ నువ్వే విప్పినావా అప్పా?" అడిగింది ప్రేమలత.

"నేను యిప్పలేదు తల్లీ."

"బోల్టు మీద గీతలున్నాయి."

మద్దయ్య చేతులు ఆగిపోయాయి. సంచిలోంచి దారాల ముద్ద తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఎరుపు, పచ్చ, నీలం. మగ్గాల దగ్గర మిగిలిన నూలు చిక్కులు. షెడ్డులో ఎక్కడ చూసినా అవే.

"బండి ఆగిపోయిన దినం ఒక్క బోల్టుకు స్పానర్ పెట్టినా. పట్టలేదు, జారె. ఆటోమేటిక్ బండి నా పని కాదప్పా అని లేసొచ్చినా. అబద్ధం సెబితే నా సెయ్యి ఇరిగిపోనీ."

"నీ సెయ్యి ఇరిగితే ఊర్లో స్కూటర్లన్నీ నిలిచిపోతాయిలే అన్నా," అన్నాడు ఉమేష్. వెంటనే ప్రేమలత వైపు తిరిగాడు. "మేడమ్, వారంటీ ఉండంగానే సెప్పినా. గేరు మారేటప్పుడు బండి తంతాంది అని. ఫిబ్రవరిలో అందుకే పోయినా."

"జాబ్ కార్డులో ఆ మాట లేదే."

"వాళ్లు రాయకుంటే నేనేం సేసేది?"

నిజమే కావచ్చు. అబద్ధమూ కావచ్చు. వారంటీ దాటిన ప్రతి ఓనరూ చెప్పే మాటే ఇది.

బయటికి వచ్చి కారెక్కుతుంటే ఆమె బ్యాగ్ మీద ఒక నీలం దారపు పోగు అంటుకుని కనిపించింది. దాన్ని తీసి వెలుగులో పట్టుకుంది. కాసేపు చూసింది.

"ఇద్దరూ నాతో ఆదోనికి రండి," అంది.

3.30. షోరూం వర్క్‌షాప్. రాజశేఖర్, తిక్కయ్య, ఉమేష్, మద్దయ్య. నలుగురినీ లిఫ్ట్ పక్కన నిలబెట్టింది ప్రేమలత.

సీల్ చింపింది. ఫిల్టర్‌ను కట్టర్‌తో రెండుగా కోసింది. లోపలి సన్నటి జాలీ కనిపించలేదు. ఆయిల్‌లో నానిన మెత్తటి పొర దాన్ని కప్పేసింది.

పట్టకారుతో కొంచెం తీసి పెట్రోల్‌లో జాడించింది. తెల్లగా తేలింది. మధ్యలో చిన్న నల్లటి పెచ్చు.

"ఇది జాలీని మూసేసింది. ఆయిల్ అందలేదు. గేర్‌బాక్స్ లోపలి ప్లేట్లు మాడిపోయాయి. ఏమిటిది?"

"పత్తి," అన్నాడు ఉమేష్. "గింజ పెచ్చు గూడా ఉంది."

"మద్దయ్య విప్పి ఉంటే ఇందులో రంగు దారాలు ఉండాలి. అతని షెడ్డులో చెయ్యి తుడవడానికి అవే. ఇది నూలు కాదు. మిల్లులో ఏరి పారేసిన పత్తి."

రాజశేఖర్ భుజాలెగరేశాడు. "ఆదోనిలో గాలికే పత్తి ఎగురుతుంది మేడమ్."

"మూసిన గేర్‌బాక్స్‌లోకి ఏ గాలీ పోదు."

"అయితే ఈ ఊర్లోనే ఇంకెక్కడో విప్పించి ఉంటాడు. మా దగ్గర పేపరే."

ప్రేమలత జిడ్డు చేతులు రెండూ తిక్కయ్య వైపు చాచింది.

"తుడుచుకోడానికి ఏమన్నా ఇయ్యప్పా."

ఇరవై ఏళ్ల అలవాటు. తిక్కయ్య చెయ్యి దానంతటదే కిందికి పోయింది. డ్రాయర్ తెరుచుకుంది. గుప్పెడు తెల్లటి పత్తి ఆమె చేతిలోకి వచ్చింది. నల్ల పెచ్చులతో సహా.

అప్పుడు గానీ తిక్కయ్యకు తెలియలేదు తానేం చేశాడో.

ప్రేమలత ఆ పత్తిని ఫిల్టర్ ముక్కల పక్కన పెట్టింది.

"మా తమ్ముడు పత్తి జిన్నింగ్ మిల్లులో ఉంటాడు మేడమ్," అన్నాడు తిక్కయ్య తల దించుకుని. "ఆ పేపర్ జిడ్డుకు ఆగదు. అందుకే తెచ్చుకుంటా. ఆ దినం పాన్ యిప్పినాను. ఆయిల్‌లో ఇనుప రజను ఉండె. పాన్ తుడిచి మళ్లా బిగించినా."

"ఎవరు చెప్పారు బిగించమని?"

తిక్కయ్య రాజశేఖర్ వైపు చూశాడు. "సారే. ఈ నెల గేర్‌బాక్స్ కంప్లయింట్లు అప్పటికే మూడు పోయినాయి, ఇంగోటి పోతే పైనుంచి తనిఖీ వస్తుంది అన్నాడు. అప్‌డేట్ అని రాసి పంపెయ్ అన్నాడు."

"వారంటీ దాటేదాకా నడిస్తే చాలనుకున్నారు," అంది ప్రేమలత. "ఇనుప రజను అంటే గేర్‌బాక్స్ అప్పటికే అరుగుతోంది. పత్తి దాన్ని తొందరగా చంపింది. ఏడు గంటల్లో జరిగింది ఇదీ."

రాజశేఖర్ పేపర్ రోల్ చింపి ముఖం తుడుచుకున్నాడు.

4.35. రిపోర్టు పోయింది. లోపం బయటపడిన తేదీ, ఫిబ్రవరి 18. వారంటీ ముగియడానికి ఇంకా పంతొమ్మిది రోజులున్న తేదీ.

ఉమేష్ లిఫ్ట్ దగ్గరికి పోయి కారు చక్రం మీద చెయ్యి వేశాడు. మెల్లగా అడిగాడు.

"కొత్తదాన్ని బిగించేది గూడా ఈయప్పలేనా మేడమ్?"

"వీళ్లే. కంపెనీ మనిషి పక్కన ఉంటాడు."

ఉమేష్ ముఖంలో అనుమానం పోలేదు.

మద్దయ్య జేబులో చెయ్యి పెట్టి ఎర్ర దారాల ముద్ద ఒకటి తీశాడు. తిక్కయ్య చేతిలో పెట్టాడు.

"దీంతో తుడువప్పా. ఈ తూరి లోపల పడితే కనపడుతుంది."