నత్తగారి పాట కోసం

"నా రికార్డులూ...!"

మేడ మీద నుంచి బుజ్జమ్మ పెట్టిన కేకకు మీనాకుమారి చేతిలో గరిట జారిపోయింది! పరుగున మెట్లెక్కింది. నులక మంచం పక్కన ఎనిమిదేళ్ళ పిల్ల కొయ్యబారి నిలబడి ఉంది. మంచం మీద నల్లటి గ్రామఫోను రికార్డులన్నీ నూనెలో వేసిన అప్పడాల్లా అంచులు లేచి వంకర తిరిగిపోయాయి!

గోదావరి వరద ఇంట్లోకి వచ్చి పోయాక ఆ వీధిలో ఏ మేడ చూసినా ఆరబెట్టిన సామానే. పరుపులు, పప్పులు, పెళ్ళి ఫొటోలు... మీనాకుమారి కూడా బురదలో తడిసిన రికార్డులను కడిగి, తుడిచి, వడియాలు పెట్టినంత శ్రద్ధగా ఎర్రటి ఎండలో పరిచింది. తడిసింది ఎండాలి, అంతే ఆమెకు తెలిసింది. ఎండకు అవి వంగిపోతాయని ఎవరు చెప్పారు పాపం!

అవి బుజ్జమ్మ కన్నతల్లి రత్నమాణిక్యం కూడబెట్టినవి. పెళ్ళికి ముందు ఆవిడ మద్రాసులో మేనమామ ఇంట్లో ఉండి చదువుకుంది. అక్కడి టీవీలో తెలుగు పిల్లల కార్యక్రమం వచ్చేది. అందులోని పాటలు రికార్డులుగా వస్తే ఒక్కొక్కటే కొని దాచుకుంది. కామెర్లతో కన్నుమూసేదాకా కూతుర్ని ఆ పాటలతోనే నిద్రపుచ్చింది. రెండో భార్యగా ఈ గడప తొక్కి ఏడాదైనా, మీనాకుమారిని బుజ్జమ్మ ఇంతవరకూ ఏ వరుసతోనూ పిలవలేదు.

"మా అమ్మ పాటల్ని చంపేశావ్! ఇంకెప్పుడూ నా వస్తువులు ముట్టుకోకు!"

ఆ మాట మీనాకుమారి గుండెలో ముల్లులా దిగింది...

"ఏడవకే, క్యాసెట్లు కొనిపెడతాలే," అన్నాడు గిన్నెల కొట్టు నుంచి భోజనానికి వచ్చిన నాగేశ్వరప్రసాద్. పిల్ల కంచం తోసేసి లేచిపోయింది.

"ఏవండీ... ఆ రికార్డులే మళ్ళీ తెస్తానండీ," అంది మీనాకుమారి కళ్ళొత్తుకుంటూ.

"పిచ్చిదానా! ఎక్కడని వెతుకుతావు?"

వెతికింది! పెళ్ళిళ్ళకు పాటలు వేసే మైకు సెట్ల కొట్లన్నీ తిరిగింది. పాత సామాన్ల వాళ్ళ దగ్గర దుమ్ములో కూర్చుని ఏరింది. దీపావళి నాటికి ఒక్కటి తప్ప అన్నీ చేతికొచ్చాయి. బుజ్జమ్మ ఒక్కొక్కటీ వింది. విన్నదాన్ని విన్నట్టే మీనాకుమారికి అందకుండా దాచుకుంది. రానిది ఆ ఒక్కటే... చుక్కల బండెక్కి ఊరికెళ్ళిన నత్తగారి పాట! తల్లి రోజూ ఆఖరున పాడింది అదే!

తునిలో మైకు సెట్టు సత్తిబాబు ఆమె అడిగింది విని పకపకా నవ్వాడు.

"ఏంటండీ అమ్మగారూ! పెళ్ళి ఊరేగింపులో నత్త పాట వేస్తే జనం నన్ను తంతారండి! మద్రాసు సరుకులో ఒకటి వచ్చిన మాట నిజమేనండి. భీమవరం నుంచి పెద్దావిడ ఒకరొచ్చి పట్టుకెళ్ళారు. సంపూర్ణమ్మగారంట. మనవరాలి కోసమంట."

మీనాకుమారి ఆ పేరు మళ్ళీ అడిగింది. సంపూర్ణమ్మ... రత్నమాణిక్యం కన్నతల్లి! అల్లుడు మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడని ఆ ఇంటి ముఖమే చూడటం మానేసిన మనిషి!

మర్నాడే భీమవరం బస్సెక్కింది. తలుపు తీసిన సంపూర్ణమ్మ, నత్తగారి రికార్డు కావాలని అడిగిన ఆమెను ఎగాదిగా చూసింది.

"మా అమ్మాయి కాపురం చాల్లేదా? దాని పాటలు కూడా కావాల్సొచ్చాయా నీకు?"

"నాక్కాదమ్మా, బుజ్జమ్మకి... నేనే పాడుచేశాను. వరదకి తడిస్తే కడిగి ఎండలో పెట్టాను."

"ఎండలోనా?"

"వడియాల్లా... నులక మంచం మీద..." మీనాకుమారి వెక్కివెక్కి ఏడ్చింది.

సంపూర్ణమ్మ కళ్ళు పెద్దవి చేసింది. ఉన్నట్టుండి నవ్వింది! నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేసింది.

"మా పిచ్చితల్లి రత్నమాణిక్యం కూడా అదే పని చేసిందే! మొదటి రికార్డు కొని సెలవులకి తెచ్చినప్పుడు కుంకుడు రసంతో తోమి డాబా మీద ఎండేసింది! దాన్ని ఎన్ని తిట్లు తిట్టానో..." పమిటతో ముఖం తుడుచుకుంది. "మీ ఇంట్లోకి వరదొచ్చిందని విని ఈ పాట కొన్నాను, రెండు నెలలయింది అమ్మాయ్. పిల్లకి ఇద్దామని రెండుసార్లు మీ ఊరి బస్టాండు దాకా వచ్చి వెనక్కి తిరిగాను. మీ పెళ్ళినాడు శాపనార్థాలు పెట్టినదాన్ని, ఏ మొహంతో మీ గుమ్మమెక్కను?"

"నాతో రండమ్మా! మనవరాలి ఇంటికి రావడానికి మొహమాటమా?"

సాయంత్రానికి ఇద్దరూ రాజమండ్రి చేరారు. "అమ్మమ్మా!" అంటూ చుట్టేసుకున్న బుజ్జమ్మ చేతిలో సంపూర్ణమ్మ ఆ రికార్డు పెట్టింది.

"నేను ఇవ్వలేక దాచుకున్నదే తల్లీ. నీ కోసం ఊరూరా తిరిగి, నా గుమ్మం ముందు మాట పడి నన్ను ఇక్కడిదాకా లాక్కొచ్చింది ఈవిడ!"

పిల్ల రికార్డును గ్రామఫోనులో పెట్టింది. ముల్లు పెట్టి, పెట్టె పక్కన మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. చుక్కల బండి గలగలమంది, నత్తగారు ఊరికి బయలుదేరారు... సంపూర్ణమ్మ గోడకు ఆనుకుని నిశ్శబ్దంగా కన్నీరు కారుస్తోంది. లోపలికి వెళితే ఏమంటుందోనని మీనాకుమారి గుమ్మంలోనే నిలబడిపోయింది.

పాట అయిపోయింది. బుజ్జమ్మ తల తిప్పి చూసింది.

"పిన్నీ..."

మీనాకుమారి గుమ్మం దాటి ఒక్క అడుగు వేసింది!

"రెండోవైపు ఇంకో పాటుంది. నువ్వొచ్చి తిప్పి పెట్టు."

"నేనా... తల్లీ?"

"నువ్వే. అంచులు పట్టుకో, చాలు."

మీనాకుమారి పమిటకు చేతులు తుడుచుకుని పిల్ల పక్కన కూర్చుంది. ఆమె వేళ్ళను అంచు మీద ఎక్కడ ఉంచాలో బుజ్జమ్మ తన చిట్టి చేతులతో సర్దింది.